దమ్మామ్ ఉక్కపోతలో కాయిల్ రూపం: ఒక సాంకేతిక చరిత్ర

సౌదీ అరేబియా అనగానే తెలుగు పాఠకుని మనసులో ఇసుక ఎడారీ పొడి వేడీ మెదులుతాయి గాని, గల్ఫ్ సముద్రపు ఒడ్డున ఉన్న దమ్మామ్ వేసవి ఆ ఊహకు లొంగదు. తీరానికి దాదాపు 400 కిలోమీటర్ల లోపల ఉన్న రాజధాని రియాద్‌లో గాలి ఎంత కాలినా అందులో తేమ బహు తక్కువ. దమ్మామ్‌లో మాత్రం లోతు తక్కువైన సముద్రం వేసవిలో వేడెక్కి ఆవిరిని ఊరి మీదికి పంపుతూ ఉంటుంది కాబట్టి, ఎండకు ఉక్కపోత తోడవుతుంది. దమ్మామ్‌ను ఆనుకుని ఉన్న దహ్రాన్‌లో 2003 జూలై 8న గాలి ఉష్ణోగ్రత 42 డిగ్రీల సెల్సియస్ ఉన్న వేళ తుషార స్థానం 35 డిగ్రీలుగా నమోదైంది. గాలిని చల్లబరుస్తూ పోతే అందులోని ఆవిరి ఏ ఉష్ణోగ్రత దగ్గర నీటిబొట్లుగా మారడం మొదలవుతుందో దానిని తుషార స్థానం అంటారు. మనిషి చర్మపు ఉష్ణోగ్రత కూడా సుమారు 35 డిగ్రీలే కాబట్టి, ఆనాటి గాలిలో చెమట ఆరడమనే సహజమైన ఉపశమనం కూడా దాదాపు లేకుండా పోయిందని దీని అర్థం. ప్రపంచంలో ఇంతవరకు నమోదైన అత్యధిక తుషార స్థానాల్లో ఇది ఒకటిగా వాతావరణ శాస్త్రజ్ఞులు దీనిని ఉదహరిస్తారు.

ఈ ఒక్క సంగతి దమ్మామ్‌లో శీతలీకరణ చరిత్రను చాలావరకు నిర్ణయించింది. తెలుగు నాట వేసవికి తెలిసిన ఉపాయాలు రెండు: మట్టి కూజా, తడిపిన వట్టివేళ్ళ తడిక. రెండింటిలోనూ పనిచేసేది ఒకే సూత్రం. నీరు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని తనతో తీసుకుపోతుంది. కడప, కర్నూలు వంటి పొడి జిల్లాల్లో తడిక గదిని నిజంగానే చల్లబరుస్తుంది, మచిలీపట్నం తీరంలో అదే తడిక గదిని మరింత ఉక్కగా మారుస్తుంది. రియాద్‌లో ఎయిర్ కూలర్లు వ్యాప్తిలోకి రావడానికీ, దమ్మామ్‌లో నడివేసవి వచ్చేసరికి అవి చేతులెత్తేయడానికీ కారణం ఇదే. ఖర్జూరపు ఆకులతో అల్లిన బరస్తీ గుడిసెలు, పైగాలిని పట్టి గదిలోకి దించే గాలిబురుజులు గల్ఫ్ తీర పట్టణాల్లో పూర్వం ఉండేవి; అవి గాలిని కదిలించగలిగాయే గాని అందులోని నీటిని తీసివేయలేకపోయాయి. గాలిలోంచి వేడినీ నీటినీ రెండింటినీ పట్టి లాగగల సాధనం దొరికే వరకు ఆ తీరపు ఉక్కపోతకు మందు లేదు. ఆ సాధనమే కాయిల్.

కాయిల్ అంటే, సూటిగా చెప్పాలంటే, లోపల శీతలీకరణ ద్రవం ప్రవహిస్తూ బయట గాలి తగులుతూ పోయే లోహపు గొట్టాల అమరిక. ఆ ద్రవాన్ని మెకానిక్‌లు గ్యాస్ అనే పిలుస్తారు. ప్రతి ఏసీలోనూ రెండు కాయిళ్లుంటాయి. గదిలో ఉన్న కూలింగ్ కాయిల్‌లో గ్యాస్ మరుగుతూ గది వేడిని పీల్చుకుంటుంది. బయట ఉన్న కండెన్సర్ కాయిల్‌లో అదే గ్యాస్ మళ్ళీ ద్రవంగా మారుతూ ఆ వేడిని బయటి గాలికి వదిలేస్తుంది. ఈ రెండింటి మధ్య ఒత్తిడి తేడాను నిలబెట్టే కంప్రెసర్ కరెంటును తింటుంది. రెండు కాయిళ్ల ఉష్ణోగ్రతల మధ్య దూరం ఎంత తక్కువైతే కంప్రెసర్ శ్రమ అంత తగ్గుతుంది. ఆ దూరాన్ని తగ్గించేది కాయిల్ ఆకారం, అంటే గొట్టం వ్యాసం, గొట్టాల వరుసలు, వాటికి తొడిగిన రేకుల సందు, గ్యాస్ పంచుకుపోయే దారుల సంఖ్య. కాయిల్ రూపం ఒక కొలత వ్యవహారంగా పైకి కనిపించినా, దాని వెనుక దాదాపు రెండు వందల ఏళ్ల అనుభవం ఉన్నది.

దాని పూర్వీకులను వెతకాలంటే శీతల యంత్రాల కంటే వెనక్కి, అత్తరు బట్టీలకూ సారా బట్టీలకూ పోవాలి. ఆవిరిని ద్రవంగా మార్చడానికి రాగి గొట్టాన్ని చుట్టలు చుట్టి చన్నీటి తొట్టిలో ముంచడం శతాబ్దాల నాటి పనితనం. జేకబ్ పెర్కిన్స్ 1834లో లండన్‌లో ఆవిరి సంపీడన యంత్రానికి పేటెంటు తీసుకున్న తరువాత, 19వ శతాబ్దపు ద్వితీయార్ధంలో తయారైన మంచు యంత్రాలు ఆ చుట్టనే అరువు తెచ్చుకున్నాయి. అప్పటికి మద్రాసు వంటి నగరాలు అమెరికా సరస్సుల నుంచి ఓడల్లో వచ్చిన మంచుగడ్డలను దాచుకుని వాడుకుంటున్నాయి. ఫ్రెడరిక్ ట్యూడర్ కంపెనీ ఆ సరుకు కోసం కట్టిన ఐస్ హౌస్ మెరీనా తీరాన వివేకానందుని పేరుతో ఇప్పటికీ నిలిచి ఉన్నది. యంత్రంతో చేసిన మంచు వచ్చాక ఆ వర్తకం అంతరించింది. తొలి యంత్రాల కాయిళ్లు నీటిలోనో ఉప్పునీటిలోనో మునిగి ఉండేవి, వేడిని పుచ్చుకోవడంలో నీరు గాలి కంటే ఎన్నో రెట్లు చురుకైనది కాబట్టి వట్టి గొట్టమే సరిపోయేది. భారతదేశంలోని పాత కోల్డ్ స్టోరేజీల్లో పైకప్పు కింద వరుసలుగా పరిచిన అమ్మోనియా ఇనుప గొట్టాలు, బంకర్ కాయిళ్లు, ఆ కాలపు ఆకృతికి చివరి సాక్ష్యాలు.

కాయిల్ నీటిని వదిలి గాలిలోకి వచ్చినప్పుడే అసలు చిక్కు మొదలైంది. గాలి వేడిని సులభంగా ఇవ్వదు, సులభంగా తీసుకోదు. గొట్టం లోపలి గ్యాస్ ఎంత చురుకుగా ఉన్నా బయటి గాలి మందకొడితనమే మొత్తం వ్యవహారాన్ని వెనక్కి లాగుతుంది. దీనికి విరుగుడు గాలి తగిలే ఉపరితలాన్ని పెంచడం, అంటే గొట్టాలకు పలుచని లోహపు రేకులు తొడగడం. వాటినే ఫిన్లు అంటారు. ఒక చిన్న లెక్క ఈ మార్పు ఎంత పెద్దదో చెబుతుంది. 9.52 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఒక మీటరు రాగి గొట్టానికి బయటి ఉపరితలం 0.03 చదరపు మీటర్లు మాత్రమే. దానికి అంగుళానికి 12 చొప్పున, ఒక్కో గొట్టం వాటాకు సుమారు 25 మిల్లీమీటర్ల పొడవూ 22 మిల్లీమీటర్ల వెడల్పూ వచ్చేలా అల్యూమినియం ఫిన్లు తొడిగితే ఆ ఉపరితలం 0.46 చదరపు మీటర్లకు, అంటే 15 రెట్లకు చేరుతుంది. అదే రాగి, అదే గ్యాస్; గాలి ముట్టే చోటు మాత్రం పదిహేనింతలు.

ఫిన్ల కాయిల్ 20వ శతాబ్దపు తొలి సగంలో రూపు దిద్దుకున్నది. విల్లిస్ కారియర్ 1902లో బ్రూక్లిన్‌లోని ఒక ముద్రణాలయానికి చేసిన ఏర్పాటు ప్రధానంగా గాలిలోని తేమను అదుపు చేయడానికే. వేసవి తేమకు కాగితం సాగిపోయి రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా పడకపోవడం అక్కడి సమస్య. ఏసీ పుట్టుకే తేమ తగాదాలో ఉన్నదన్న ఈ సంగతి దమ్మామ్ చరిత్రకు చాలా దగ్గరైనది. 1927లో జనరల్ ఎలక్ట్రిక్ తెచ్చిన ‘మానిటర్ టాప్’ ఫ్రిజ్ తన కండెన్సర్ చుట్టను కిరీటంలా నెత్తిన మోసింది, దానికి ఫ్యాన్ లేదు. 1930 నాటికి థామస్ మిడ్‌గ్లీ బృందం ఫ్రియాన్‌ను కనుగొనడంతో, అమ్మోనియా వంటి ఘాటైన, విషపూరితమైన గ్యాసుల భయం లేకుండా కాయిల్‌ను నేరుగా గదిలోనే పెట్టడం సాధ్యమైంది.

దమ్మామ్ కథ సరిగ్గా ఈ ఘట్టంలో యంత్రం కథతో కలుస్తుంది. 1923 ప్రాంతంలో బహ్రెయిన్ నుంచి తరలివచ్చిన దవాసిర్ తెగవారు స్థిరపడిన ఈ ఊరు అప్పటికి ముత్యాలు, చేపలు వెదికే పల్లె. 1933లో సౌదీ ప్రభుత్వం కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీకి చమురు అన్వేషణ హక్కులిచ్చింది; దమ్మామ్ గుమ్మటంగా పేరుపడ్డ భూభాగంలో వరుసగా తవ్విన బావులు నిరాశపరచగా, 1938 మార్చిలో 7వ నంబరు బావిలో సుమారు 1,440 మీటర్ల లోతున వాణిజ్య స్థాయి చమురు పడింది. ఆ కంపెనీ దహ్రాన్ శిబిరానికి అమెరికా నుంచి తెచ్చిన సామగ్రిలో ఏసీ అమర్చిన ఇళ్లు కూడా ఉన్నాయి; ఎండకాలమంతా అక్కడ మనుషులను నిలపడానికి అది తప్పనిసరి అని అధికారులు త్వరలోనే గ్రహించారు. అమెరికా గాలి కోసం గీసిన కాయిల్, తనను గీసినవారు ఊహించని గాలిలో పనిచేయడం అక్కడ మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత కిటికీ ఏసీ అమెరికాలో సామాన్య వస్తువైంది. 1950లలో దమ్మామ్ రేవూ, 1951లో ప్రారంభమైన దమ్మామ్–రియాద్ రైలు మార్గమూ సరుకుల రాకపోకలను పెంచాయి. 1973 తరువాత చమురు ధర పెరిగి సిమెంటు ఇళ్ల నిర్మాణం ఊపందుకోగా కిటికీ ఏసీ ప్రతి గోడకూ ఎక్కింది. ఆ పెట్టెలో రెండు కాయిళ్లూ ఒకే చట్రంలో వీపు వీపు ఆనించుకుని ఉంటాయి. లోపలి కాయిల్ మీద కారిన నీరు వెనుక తొట్టిలోకి చేరుతుంది, బయటి ఫ్యాన్ అంచున ఉన్న వలయం ఆ నీటిని చిమ్మి వేడి కండెన్సర్ మీద చల్లుతుంది. ఆ నీరు ఆవిరవుతూ కాయిల్‌ను కొంత చల్లబరుస్తుంది. ఊర్లో ఉక్క ఎంత ఎక్కువైతే చిమ్మడానికి నీరు అంత ఎక్కువగా దొరుకుతుంది కాబట్టి, దమ్మామ్ తేమ తనను వదిలించుకునే యంత్రానికి తానే సాయపడిందని చెప్పవచ్చు. అయితే గాలిలోని సన్నని ధూళి ఆ తడి ఫిన్లకు అతుక్కుని బురద పెచ్చుగా గడ్డకట్టడం కూడా ఈ ఏర్పాటు ఫలితమే.

1974లో దమ్మామ్‌లోనే జామిల్ ఎయిర్ కండిషనర్స్ కర్మాగారం ఏర్పడింది. సౌదీలో ఏసీల తయారీ దేశీయ పరిశ్రమగా నిలదొక్కుకోవడంలో దానిది ప్రధాన పాత్ర. కాయిల్ తయారీ పైకి కనిపించేంత సులువు కాదు. రాగి గొట్టాన్ని హెయిర్‌పిన్నులా వంచుతారు. అల్యూమినియం రేకు చుట్టను అచ్చు యంత్రంలో గుద్ది రంధ్రాలతో, అంచు కాలర్లతో ఫిన్లు తీస్తారు. వంచిన గొట్టాలను ఫిన్ల దొంతరలో గుచ్చి, గొట్టం లోపలి నుంచి ఉక్కు గుండును నెట్టి దానిని ఉబ్బిస్తారు. ఆ ఉబ్బుతోనే గొట్టం ఫిన్ కాలర్‌ను గట్టిగా కరుచుకుంటుంది. ఆ కరుపు వదులైతే వేడి ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఊరికి దగ్గరగా కర్మాగారం ఉండడం వల్ల ఊరి గాలి ఆకృతిని శాసించే అవకాశం ఏర్పడింది. కాయిల్ ఆకృతికి కావలసిన సిద్ధాంతం అప్పటికే గట్టిపడి ఉన్నది. గొట్టం మీద ఆవిరి ద్రవపు పొరగా ఎలా కారుతుందో విల్హెల్మ్ నుస్సెల్ట్ 1916లో లెక్కగట్టాడు. వంపు తిరిగిన గొట్టంలో ప్రవాహం అడ్డంగా సుడులు తిరుగుతుందని డబ్ల్యు. ఆర్. డీన్ 1927లో చూపాడు, చుట్ట తిరిగిన గొట్టం తిన్నని గొట్టం కంటే వేడిని బాగా మార్చడానికి కారణం ఆ సుడులే. కేస్, లండన్ అనే ఇద్దరు పరిశోధకులు 1955లో ప్రచురించిన గ్రంథం ఫిన్ల ఆకృతులను కొలతలతో పట్టికలకు ఎక్కించింది.

ఆ పట్టికలు చూపించిన మార్గం స్పష్టమైనది: ఫిన్లను దగ్గరగా పెట్టండి, వాటిని అలలుగా వంచండి, వాటి మీద సన్నని చీలికలు కోయండి. తిన్నని రేకు వెంట పోయే గాలి దానికి ఆనుకుని ఒక నిదానపు పొరను పరుస్తుంది. ఆ పొర దుప్పటిలా వేడిని అడ్డుకుంటుంది. కిటికీ తలుపు పట్టీల్లా చీల్చి లేపిన లూవర్ ఫిన్ ఆ పొరను ప్రతి రెండు మూడు మిల్లీమీటర్లకూ తెంపి కొత్తగా మొదలయ్యేలా చేస్తుంది. ప్రయోగశాలలో ఇది గొప్ప లాభమే. దమ్మామ్‌లో మాత్రం అవే చీలికలు వాయవ్యం నుంచి వీచే షమాల్ గాలి మోసుకొచ్చే ధూళికి, నూలుపీచుకు గూళ్లవుతాయి. అంగుళానికి 20 ఫిన్ల కాయిల్ కొత్తలో 12 ఫిన్ల కాయిల్‌ను ఓడించినా, కొన్ని దుమ్ము తుపానులు దాటేసరికి సందులు పూడి వెనకబడుతుంది. వెడల్పైన సందు ఉన్న, తిన్నని లేదా మెత్తని అలల ఫిన్ మాత్రం కడిగితే తెరుచుకుంటుంది. అందుచేత ఈ ప్రాంతంలో మంచి కాయిల్ అన్న మాటకు అర్థం మారింది. ప్రయోగశాల కాగితం మీద గెలిచే కాయిల్ ఒకటి, ఆగస్టు చివర ఇంకా పనిచేసే కాయిల్ మరొకటి, ఈ రెండో దానినే గెలిచినదిగా లెక్కించాలి.

ఈ తేడా కరెంటు బిల్లులో ఎలా తేలుతుందో సిద్ధాంతపు గరిష్ఠ హద్దుతో చూడవచ్చు. కూలింగ్ కాయిల్ 7 డిగ్రీల దగ్గర, అంటే పరమ మానంలో 280 దగ్గర ఉన్నదనుకుంటే, కండెన్సర్ 47 డిగ్రీల వద్ద పనిచేసినప్పుడు ఒక యూనిట్ శ్రమకు గరిష్ఠంగా 7 యూనిట్ల చల్లదనం రాగలదు. బయట 46 డిగ్రీల ఎండకు కండెన్సర్ 60కి చేరితే ఆ హద్దు 5.3కు పడిపోతుంది. ధూళి పట్టి మరో 5 డిగ్రీలు పెరిగి 65 అయితే 4.8. నిజమైన యంత్రాలు ఈ హద్దులకు చాలా తక్కువగానే ఉంటాయి గాని, తగ్గే తీరు ఇదే. ఎండను ఎవరూ మార్చలేరు. ఆ చివరి 5 డిగ్రీలు మాత్రం పూర్తిగా కాయిల్ ఆకారం, శుభ్రత చేతిలో ఉన్నవి.

ధూళి తరువాతి శత్రువు ఉప్పు. సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తేమతో కలిసి రాగి గొట్టానికీ అల్యూమినియం ఫిన్‌కూ మధ్య చిన్న విద్యుత్ ఘటాన్ని సృష్టిస్తుంది; ఆ తగవులో అల్యూమినియమే కరిగిపోతుంది, కాలర్ దగ్గర తెల్లని పొడి రాలుతుంది, గొట్టం కరుపు వదులవుతుంది. ఎపాక్సీ పూత, కాల్చిన ఫినాలిక్ పూత, పూర్తిగా రాగితోనే చేసిన ఫిన్లు దీనికి చేసిన చికిత్సలు. పూత వేడి ప్రయాణానికి కొంత అడ్డే. అయినా సముద్రతీరంలో పూత లేని కాయిల్ కొన్నేళ్లలో పోగొట్టుకునే సామర్థ్యం ముందు ఆ నష్టం లెక్కలోకి రాదు. విశాఖ, కాకినాడ తీరాల్లో ఏసీ పెట్టుకున్నవారికి ఈ తెల్లపొడి పరిచయమే.

గది లోపలి కాయిల్ చరిత్ర దీనికి భిన్నమైనది, దమ్మామ్‌కు మరింత సొంతమైనది. 2003 నాటి ఆ జూలై గాలిలో కిలో పొడి గాలికి 36 గ్రాములకు పైగా ఆవిరి ఉన్నది. హాయిగా ఉండే గదిలో, 24 డిగ్రీల దగ్గర సగం తేమతో, ఉండవలసింది 9 గ్రాములకు కాస్త పైన. అంటే అటువంటి బయటి గాలిని గంటకు 1,000 ఘనపు మీటర్ల చొప్పున ఆసుపత్రికో మసీదుకో పంపాలంటే కాయిల్ మీద గంటకు దాదాపు 30 లీటర్ల నీరు కారాలి. ఈ పని తిన్నగా గాలి ఊదితే జరగదు. ఫిన్ల మధ్య నుంచి పోయే గాలిలో కొంత భాగం లోహాన్ని తాకకుండానే దాటిపోతుంది. రెండు వరుసల కాయిల్‌లో అలా దాటేది 30 శాతం అనుకుంటే, నాలుగు వరుసల్లో అది 9 శాతానికీ ఆరు వరుసల్లో 3 శాతానికీ దిగుతుంది. పొడి ఊళ్లలో మూడు నాలుగు వరుసలు చాలు. తీరప్రాంతంలో బయటి గాలిని శుద్ధి చేసే కాయిల్‌కు ఆరు, ఎనిమిది వరుసలు వేస్తారు. అలా వేసినప్పుడు గాలి వేగం సెకనుకు 2.5 మీటర్లు దాటకుండా చూడాలి. దాటితే ఫిన్ల మీది నీరు బొట్లుగా లేచి గాలితో పాటు గాలి గొట్టంలోకి ఎగిరి, అక్కడ బూజుకు పుట్టిల్లవుతుంది. ఫిన్ల సందు మరీ ఇరుకైతే రెండు ఫిన్ల నడుమ నీటి బొట్టు వంతెనలా నిలిచి గాలికి అడ్డం పడుతుంది. ఫిన్లపై నీరు బొట్టు కట్టకుండా పలుచగా పరుచుకుని జారిపోయేలా చేసే పూతలు జపాన్ తయారీదారుల ద్వారా ప్రచారంలోకి వచ్చాయి.

కాయిల్ పెద్దదైతే అన్నీ బాగుపడతాయని అనుకోవడం కూడా ఇక్కడే బెడిసికొడుతుంది. లోపలి కాయిల్‌ను విశాలం చేసి దాని ఉష్ణోగ్రతను పెంచితే కంప్రెసర్‌కు శ్రమ తగ్గుతుంది, లేబుల్ మీద నక్షత్రాలు పెరుగుతాయి. కాని కాయిల్ మరీ వెచ్చనైతే తుషార స్థానానికి దగ్గరపడి నీటిని పిండడం మానేస్తుంది. గది చల్లగా ఉంటుంది గాని బంక బంకగా ఉంటుంది, అందులో ఉన్నవారు మీట ఇంకా కిందికి తిప్పుతారు, మిగిలిన కరెంటు మళ్ళీ పోతుంది. తేమ తీరంలో కాయిల్ రూపం మీద తీర్పు చెప్పే ముందు నీటి లెక్క తప్పక చూడాలి.

గొట్టం లోపల కూడా మార్పులు సాగాయి. 1977లో జపాన్‌లో హిటాచీ పరిశోధకులు రూపొందించిన సూక్ష్మ గాడుల గొట్టం లోపలి గోడ మీద మిల్లీమీటరులో పదో వంతు నుంచి నాలుగో వంతు లోతున మరమేకు చుట్టల్లా గాడులు తిరుగుతాయి. అవి ద్రవాన్ని గోడ చుట్టూ తడిగా పరచి, ఒత్తిడి నష్టం పెద్దగా పెరగకుండానే ఉష్ణ వినిమయాన్ని ఒకటిన్నర నుంచి రెండింతలు చేయగలిగాయి. తరువాత 9.52 మిల్లీమీటర్ల గొట్టం 7కు, 5కు సన్నబడింది. సన్నని గొట్టంలో గ్యాస్ తక్కువ పడుతుంది, ఉపరితలం అదే గ్యాస్‌కు దాదాపు రెట్టింపవుతుంది. కాని వ్యాసం సగమైతే అదే ప్రవాహానికి ఒత్తిడి నష్టం సుమారు 30 రెట్లు పెరుగుతుంది. అందుకే సన్నని గొట్టాల కాయిల్‌లో గ్యాస్‌ను ఎక్కువ సమాంతర దారుల్లోకి పంచాలి, ఆ పంపకం సమంగా లేకపోతే ఒక దారి ఎండి మరొక దారి నిండి కాయిల్‌లో సగం వృథా అవుతుంది. మెకానిక్ చేత్తో తడిమి, ఒక వంపు చల్లగా మరొక వంపు వెచ్చగా ఉన్నదని చెప్పగలిగేది ఈ లోపాన్నే.

ఇంత జ్ఞానం అందుబాటులో ఉన్నా సౌదీ గోడల మీది ఏసీలు చాలాకాలం చిన్న కాయిళ్లతో, తక్కువ సామర్థ్యంతో నడవడానికి కారణం అజ్ఞానం కాదు, కరెంటు ధర. గృహ వినియోగదారునికి మొదటి 2,000 యూనిట్లు యూనిట్‌కు 5 హలాలాల (హలాలా అంటే రియాల్‌లో నూరో వంతు) చొప్పున దొరికినంత కాలం, ఖరీదైన రాగిని అదనంగా పెట్టిన కాయిల్‌కు కొనుగోలుదారు కనిపించలేదు. 2018 జనవరి నుంచి 6,000 యూనిట్ల వరకు ధర 18 హలాలాలైంది. అంతకు ముందే, 2010లో ఏర్పడిన సౌదీ ఇంధన సామర్థ్య కేంద్రం ప్రోద్బలంతో సాసో 2663 అనే ప్రమాణం 2012లో వచ్చి 2014లో సవరణ పొందింది. ఆ సవరణ ప్రకారం స్ప్లిట్ ఏసీని రెండు వాతావరణాల్లో పరీక్షించాల్సి వచ్చింది: బయట 35 డిగ్రీలున్నప్పుడు వాట్‌కు గంటకు కనీసం 11.5 బ్రిటిష్ ఉష్ణ యూనిట్ల చల్లదనం ఇవ్వాల్సి ఉండేది, 46 డిగ్రీలున్నప్పుడు 8.3 ఇవ్వాల్సి ఉండేది. ఒకే యంత్రం ఎండ పెరిగేసరికి పావు వంతుకు పైగా సామర్థ్యం కోల్పోతుందని ఆ రెండు అంకెలు తామే చెబుతున్నాయి. ఔట్‌డోర్ యూనిట్ల పెట్టెలు అప్పటి నుంచి పెద్దవి కావడం మొదలైంది. కాయిల్ ముఖం పెంచడమే ఆ గీటు దాటడానికి అన్నిటికంటే నమ్మకమైన దారి.

కాగితం మీది ఈ కొలతలను మేడల మీద నిలబెట్టిన చేతుల్లో తెలుగువారి చేతులు చాలా ఉన్నాయి. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు సాగిన వలసలో ఐటీఐ నుంచి రెండేళ్ల రిఫ్రిజరేషన్, ఎయిర్ కండిషనింగ్ మెకానిక్ కోర్సు చదివి వెళ్లినవారిది ఒక ప్రత్యేక వర్గం. దమ్మామ్, అల్ ఖోబర్, జుబైల్ పట్టణాల్లో ఏసీ పని వారికి జీవనాధారమైంది. కాయిల్ వాష్ అని వారు పిలిచే పని వినడానికి చిన్నది. నీటి ధారను గాలి వచ్చిన దిక్కుకు ఎదురుగా, లోపలి నుంచి బయటికి కొట్టాలి. ఒత్తిడి ఎక్కువైతే ఫిన్లు వంగి మూసుకుపోతాయి, వంగిన వాటిని ఫిన్ దువ్వెనతో ఒక్కొక్క వరుసా సరిచేయాలి. ఘాటైన ఆమ్లం వాడితే మురికితో పాటు పూతా పోతుంది. నడివేసవి మధ్యాహ్నం డాబా మీద హై ప్రెషర్ ట్రిప్ అయి ఆగిపోయిన యంత్రాన్ని, గ్యాస్ తాకకుండా, కేవలం కాయిల్ కడిగి మళ్ళీ నడిపించడం వారికి నిత్యకృత్యం. ఇంధన సామర్థ్యం మీద రాసిన పుస్తకాలు ఈ శ్రమకు ఇచ్చిన చోటు దాని విలువకు ఏమాత్రం సరిపోదు; ఆకృతి నిపుణుడు పెట్టిన సందు ఎన్నేళ్లు సందుగా మిగులుతుందో తేల్చేది ఈ శ్రమే.

గ్యాస్ మారినప్పుడల్లా కాయిల్ కొలత మళ్ళీ మొదటికి వచ్చింది. ఓజోన్ పొర రక్షణకు 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం ఫలితంగా ఏసీల్లోని ఆర్-22 గ్యాస్ స్థానంలో ఆర్-410ఏ ప్రవేశించింది. ఏ ఉష్ణోగ్రతకు పైన ఒక వాయువును ఎంత నొక్కినా ద్రవంగా మార్చలేమో దానిని సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. అది ఆర్-22కు 96 డిగ్రీలు, ఆర్-410ఏకు 71 డిగ్రీలు మాత్రమే. చల్లని దేశాలకు ఈ తేడా పట్టలేదు. దమ్మామ్‌లో కండెన్సర్ 60, 65 డిగ్రీలకు ఎక్కినప్పుడు ఆ గ్యాస్ తన హద్దు పక్కనే పనిచేస్తూ, ద్రవంగా మారుతూ వదలవలసిన వేడిని సగానికి సగం కోల్పోయే స్థితికి వస్తుంది. ఆర్-22తో మామూలుగా సరిపోయిన కాయిల్ ఇక్కడ సరిపోదు. ఎండ దేశాలకు ఏ గ్యాస్ పనికివస్తుందో తేల్చడానికి ఐక్యరాజ్య సమితి సంస్థలు గల్ఫ్ తయారీదారులతో కలిసి ప్రహా అనే పథకాన్ని 2012లో చేపట్టినది ఈ ఇబ్బంది వల్లనే. ఆర్-32కు సందిగ్ధ ఉష్ణోగ్రత 78 డిగ్రీలు, ప్రొపేన్‌కు దాదాపు 97. అయితే మొదటిది కొద్దిగా, రెండోది బాగా మండే స్వభావం కలవి, కనుక యంత్రంలో వాటి పరిమాణం తక్కువగా ఉండాలి. మోటారు కార్ల కండెన్సర్ల నుంచి ఇళ్ల ఏసీలకు వచ్చిన మైక్రోచానల్ కాయిల్, అంటే ఒక మిల్లీమీటరు ప్రాంతపు సన్నని కాల్వలున్న చదునైన అల్యూమినియం పట్టీల అమరిక, ఆ అవసరానికి అతికినట్టు సరిపోతుంది: గ్యాస్ కొద్దిగా పడుతుంది, రాగి ఉండదు, రాగి–అల్యూమినియం తగవూ ఉండదు. దాని పట్టీల మధ్య ఇరుకున అకార్డియన్ మడతలుగా కూర్చిన ఫిన్లను దమ్మామ్ ధూళి నుంచి శుభ్రం చేయడం మాత్రం పాత కాయిల్ కంటే కష్టం, చిల్లుపడితే డాబా మీద వెల్డింగుతో అతకడం ఇంకా కష్టం.

2016లో కిగాలీలో మాంట్రియల్ ఒప్పందానికి చేసిన సవరణ, వేడి దేశాల ఇబ్బందిని గుర్తించి, సౌదీ అరేబియానూ భారతదేశాన్నీ ఒకే వర్గంలో చేర్చింది. రెండూ 2028లో ఆర్-410ఏ, ఆర్-32 వంటి గ్యాసుల వాడకాన్ని పెరగకుండా నిలిపి, 2047 నాటికి 85 శాతం తగ్గించాలి. అలా ఒకే గీటు కిందికి వచ్చిన భారతదేశంలో, ఆంధ్రప్రదేశ్‌లోని తమిళనాడు సరిహద్దున ఉన్న శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ వంటి సంస్థల ఏసీ కర్మాగారాలు వెలిశాయి. దమ్మామ్ ఎదుర్కొన్న ఎండ, ఉప్పు, ఉక్కపోతలే, కొంచెం మెత్తని మోతాదులో, నెల్లూరు నుంచి శ్రీకాకుళం వరకు ఉన్న తీరానివి కూడా. దమ్మామ్ డాబాల మీద ఫిన్ల సందు ఎంత ఉండాలో చేతితో నేర్చుకుని తిరిగివచ్చిన మెకానిక్‌లు ఈ జిల్లాల్లో, ఈ కర్మాగారాలకు కొన్ని గంటల ప్రయాణ దూరంలో ఉన్నారు.